రామగిరి బావిలో నీళ్లు

మా నాయన పంతం గురించి చెప్పాలంటే ముందు నా పెళ్లి గురించి చెప్పాలి. పెళ్లి బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో జరిగింది. వస్తుందన్న నీళ్ల ట్యాంకరు రాలేదు. మధ్యాహ్నం పంక్తి లేచేసరికి తొట్టి అడుగు కనిపించింది. మా మామ, అంటే నా మొగుణ్ణి కన్న తండ్రి, ఎంగిలిచెయ్యి అట్లాగే పెట్టుకుని అందరూ వినేలా అన్నాడు: "చెయ్యి కడుక్కునేకి చెంబుడు నీళ్లు ల్యావు. ఇట్లాంటి ఊర్లో సంబంధం చేసుకుంటిమి కదప్పా!"

అప్పటికి మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింట్లోనూ దుమ్మే లేచింది. ఇక ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "ఇంగ నీ ఇంట్లో కాలు పెట్టను, చుక్క నీళ్లు ముట్టను పో" అనేశాడు. మా వైపు వియ్యంకుణ్ణి బీగుడు అంటారు. బీగుల మధ్య అలకలు మామూలే, నెల తిరక్కుండా తీరిపోతాయి. మా నాయన అలక మాత్రం మూడేళ్లు నడిచింది.

నా అత్తగారిల్లు రామగిరిలో, బంగారు గనులకు దగ్గర్లో. మామ ఆ గనుల్లోనే చాలా ఏళ్లు భూమి కింద పనిచేశాడు. నాయన మూడు నెలలకోసారి వచ్చేవాడు. వాకిట్లోనే నిలబడి "బాగుండావామ్మా?" అని అడిగి, సంచిలోని చెనక్కాయలు నా చేతికిచ్చి, ఎదురింటివాళ్ల దగ్గర నీళ్లడిగి తాగి, వచ్చిన బస్సుకే తిరిగి పోయేవాడు. ఎదురింట్లో! నా కళ్లముందే! నాకు ఒళ్లు మండిపోయేది. ఊరేమనుకుంటుందో అన్నది ఒక బాధ. నేను వండిన ముద్ద నాయన ఒక్కసారన్నా తినలేదే అన్నది ఇంకో బాధ. రెండోదే పెద్దది.

గనులు మూతపడిన తర్వాతి ఏడు నాకొక ఉపాయం తట్టింది. నాయన పంతం ఏమిటి? "నీ ఇంట్లో" ముట్టనని. కొండమీద ముట్టనని అనలేదు కదా! రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టిన కొత్త. వాటిని చూడడానికి ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం టిఫిన్ డబ్బాలు కట్టుకుని వచ్చేవాళ్లు. నాయన వచ్చే ఆదివారం తెల్లారకముందే లేచి జొన్నరొట్టెలు కాల్చి, గోంగూరతో పుండుకూర, చెనక్కాయలు నూరి ఊరిబిండి చేసి డబ్బాలో సర్దాను.

"నాయనా, గాలిమరలు చూసొద్దాం రా" అన్నాను.

నాయన డబ్బా వైపు అనుమానంగా చూశాడు. "ఆ మనిషి గూడా వస్తాడా?"

"దోవ చూపించేకి వస్తాడు. నీ నెత్తినేం ఎక్కడులే."

ముగ్గురం బయల్దేరాం. కొండకు గనుల మీదుగానే పోవాలి. బంగారం తీసేసిన ఇసుక దిబ్బలు, తుప్పుపట్టిన ఇనుప చట్రం, దాని కింద కంచె వేసిన బావి. గనిలోకి దిగే దారిని అక్కడివాళ్లు బావి అంటారు. ఆ సంగతి నాయనకు తెలియదు, నాకు చెప్పాలని తోచలేదు. గనులు మూసినప్పటినుంచి మామ అటు వైపే రాలేదు. కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, మూడేళ్లలో మొదటిసారి, నాయన వైపు తిరిగాడు.

"అంతా అయిపాయ బీగా. బావిలో నీళ్లొచ్చినాయి."

నాయన మొహం వెలిగిపోయింది. "నీళ్లు పడినాయా! ఎన్నించుల ధార? ఏం అదృష్టమప్పా నీది! టెంకాయ కొడితివా ల్యాదా?"

అయ్యో దేవుడా అనుకున్నాను. మామ మొహం నల్లబడింది.

"పడల్యా బీగా, ముంచినాయి. నీళ్లు తోడే పంపులు ఆపేసినారు, నేను పనిచేసిన చోటంతా ఇప్పుడు నీళ్ల కిందుండాది."

నా రొట్టెల గతి ఇంతే అనుకున్నాను. నాయనకు అప్పుడు అర్థమైంది. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తప్పు మాట్లాడితి బీగా. నీళ్లంటే చాలు, నాకు మతి పోతాది."

మామ తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని దగ్గరికి పోయి చూస్తే, నవ్వుతున్నాడు! "నీళ్లకు తవ్వినోనికి దుమ్మొచ్చె, బంగారుకు తవ్వినోనికి నీళ్లొచ్చె. మనిద్దరికీ ఏం రాత రాసినాడప్పా ఆ దేవుడు!" నాయన కూడా పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక మామ కళ్లు తుడుచుకుంటూ "ఆ పొద్దు పెండ్లిలో నేనూ నోరు జారితి" అన్నాడు.

నాయన ఒక గులకరాయి తీసి కంచె సందులోంచి బావిలో వేశాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఎక్కడో కింద బుడుంగుమంది. నాలుగు బోర్లలో వినని చప్పుడు అది. నాయన ఇంకొకటి వేశాడు. మామ వంగి రాళ్లేరి అందించసాగాడు. ఇద్దరూ తాతలు కావలసిన వయసువాళ్లు! నేను డబ్బా మోసుకుని ఎండలో నిలబడలేక "కొండెక్కేది ఉండాదా ల్యాదా?" అని అరిచాను.

కొండమీద గాలికి కొంగు నిలవలేదు. గాలిమరలు గుయ్యిమంటూ తిరుగుతున్నాయి. నాయన నా రొట్టెలు మూడు తిని నాలుగోది అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దిగివచ్చాక మాత్రం వాకిట్లోనే ఆగిపోయాడు. "ఇంట్లోకి రాను. మాట మాటే" అన్నాడు. ఏం చెప్పను, పంతమంటే అట్లాంటిది!

కానీ ఈసారి మూడు నెలలు ఆగలేదు, వస్తున్నానని కబురు పెట్టి నెలకే వచ్చాడు. బస్సు దిగి నా మొహమన్నా సరిగా చూడకుండా మామను అడిగాడు, "బావిలో నీళ్లు యాడిదాకా వచ్చినాయి?"

గనుల పేరెత్తితే లేచి అవతలికి పోయే మామ, ఆ పొద్దున్నే ఒక్కడే పోయి తాడుకు రాయి కట్టి బావిలోకి దించి, నీళ్లు తగిలిన చోట ముడి వేసుకుని వచ్చాడట. "నువ్వొస్తావు కదా, అడుగుతావని" అన్నాడు. తాడు నడవలో పరిచి ఉందని లోపలికి నడిచాడు. నాయన వెనకే వచ్చి కూర్చుని, తాడు కొస మోచేతికి ఆనించి మూరలు కొలవసాగాడు. ఎన్ని మూరలని ఒకాయన, కాదు తప్పు కొలిచినావని ఇంకొకాయన. ఒకటే వాదన.

నేను చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడ్డాను. నాయన వాదిస్తూనే చెయ్యి చాచి చెంబు తీసుకుని గటగటా తాగేశాడు. ఎక్కడ కూర్చున్నాడో ఆయనకు గుర్తే లేదు. నేను గుర్తు చేయలేదు.