ముచ్చిక సొన

ఇన్నేళ్లుగా నా కుడిచెయ్యే నాకు బరువు. దాంతోనే అన్నం తింటున్నాను, దాంతోనే దణ్ణం పెడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు రాస్తున్నాను, చదవండి.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో నూజివీడు నుంచి బెజవాడ వెళ్ళే బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో కండక్టరుగా చేశాను. మామిడికాయల రోజుల్లో ఆగిరిపల్లి తోటల దగ్గర కూలి ఆడవాళ్ళు ఎక్కేవారు. కూర్చోడానికి చోటుండేది కాదు. ఒక చేత్తో చంకన గంప, ఇంకో చేత్తో కడ్డీ. రెండు చేతులూ నిండిన ఆడది ఏం చేయగలదు? అది నాకు బాగా తెలుసు.

ఆ కూలివాళ్ళలో మరియమ్మ రెండుసార్లు నన్ను బతిమాలింది.

"కండక్టరు గారూ, ముందు బల్ల మా ఆడోళ్ళకి వదిలేయండి. ఎవడో చెయ్యేస్తన్నాడండీ."

చూద్దాంలే అన్నాను. యజమానితో చెప్పలేదు. ఎలా చెబుతాను? ఆ చెయ్యి నాదే. టిక్కెట్లు కొడుతున్నట్టు జనంలో దూరి, ఆమె నడుం మీద... థూ! ఇద్దరు చెల్లెళ్ళకి అన్నని నేను.

ఒక మధ్యాహ్నం మళ్ళీ చెయ్యేసి, పక్కకి తప్పుకున్నాను. ఆమె కడ్డీ వదిలేసింది. గంపలోంచి పచ్చికాయ తీసి, ముచ్చిక తుంచి, గిరుక్కున తిరిగి ఎదురుగా కనబడ్డ మొహంలోకి సొన చిమ్మింది. అక్కడున్నది మగ్గం నేసే ముసలాయన. "అమ్మో, చచ్చాన్రోయ్!" అంటూ కళ్ళు పట్టుకుని కూలబడ్డాడు.

బస్సు బస్సంతా ఆమె మీద పడింది. జుట్టు పట్టి ఈడ్చారు, చెప్పులతో కొట్టారు. పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే ఆమె నా చొక్కా పట్టుకుంది.

"మీరు పక్కనే ఉన్నారు గదండీ, చెప్పండి. ఈడే గదా?"

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? తన్నులు తింటానని భయపడ్డానా? లేక నిజం చెప్పినా అందరూ నవ్వేసి ఊరుకుంటారని తెలిసి కూడా నోరు విప్పలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

"నాకేం తెలీదు. ముందు దిగు!" అన్నాను. అదే చేత్తో తోశాను. బస్సు పూర్తిగా ఆగనైనా లేదు. కంకర మీద పడింది. మోచెయ్యి విరిగిన చప్పుడు ఇంజను మోతలో కూడా వినబడింది. గంప విసిరేసి "రైట్" అన్నాను.

ముసలాయనకి ఒక కన్ను పోయింది. మరియమ్మ మళ్ళీ బస్సెక్కలేదు. వంకరపోయిన చెయ్యి వేలాడేసుకుని రోడ్డు పక్కన నడిచేది, మా బస్సు దుమ్మంతా ఆమె మీద పడేది. మరుసటి ఏడు యజమాని ఆడవాళ్ళకి వేరే బల్ల వేయించాడు. మేకులు నేనే కొట్టాను. "చల్లగా ఉండు బాబూ" అని కూలి ఆడవాళ్ళు దీవించారు.

క్షమించమని అడగను. అడగాల్సిన ఇద్దరూ పోయారు. రాశాక చెయ్యి కాస్త తేలికైంది, అంతే.

మరియమ్మా, ఆయన కాదు. నేను.