ఏడు నీళ్ల గడ్డ

పోయిన వారం మా తమ్ముడు ఊరినుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే అన్నాడు: "నాకు విషం పెట్టిన ముసిల్ది సచ్చిపోయినాదక్కా." నవ్వుతూనే అన్నాడు. ఆ విషం సంగతి జరిగినప్పుడు వాడికి మూడేళ్లు, ఏమీ గుర్తులేదు. ఇంట్లో అందరూ చెప్పుకునేదే వాడూ చెప్పాడు. నేను మాత్రం నవ్వలేదు.

ఆ ముసలామె మాకు బుట్టలవ్వ. ఎరుకల కులం. ఈతాకు బుట్టలు అల్లుకుని కుందుర్పి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. దారిలో కనబడిన ప్రతి చెట్టునూ చుట్టం లాగా పలకరించేది. ఎవరి కాలు బెణికినా నల్లేరు నూరి కట్టేది, పిల్లల గజ్జికి కానుగ నూనె రాసేది. గుప్పెడు కొర్రలు కొంగులో పోస్తే చాలు, మారుమాట లేకుండా వెళ్లిపోయేది.

యాభైల్లో వానలు మొహం చాటేసిన ఒక ఏడు మా ఇంట్లో ఆ కొర్రలు కూడా లేవు. సర్కారు గంజి పోసేచోట వరుసలో నిలబడటానికి నాయనకు నామోషీ. అవ్వే అమ్మనూ నన్నూ గుట్టకు తీసుకుపోయింది. ఎండిన తీగ పట్టుకుని తవ్వితే చేదుగడ్డ బయటపడింది. దాని తల కోసి మళ్లీ గుంతలోనే పెట్టి మన్ను కప్పింది.

"తల భూమికి ఇడిసిపెట్టల్లమ్మా. ఇదే ఆకరి కరువనుకుంటాండారా?" అంది. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: "ముక్కలు కోసి ఉడకెయ్యి. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పొయ్యి. ఏడు తూర్లు. తగ్గితే కడుపులో విషమే."

మర్నాడు అమ్మ ఇంకొన్ని గడ్డలకు పోతూ పొయ్యి నాకు అప్పగించింది. నాకు తొమ్మిదేళ్లు. మా బావి ఎండిపోయింది, వంకలో తవ్విన చెలమ అర మైలు దూరం. మూడో కడవకే నా మెడ వంగిపోయింది. తమ్ముడు ఆకలికి ఏడుస్తున్నాడు. ఉప్పేసి వాడికి పెట్టేశాను. అమ్మ వచ్చి అడిగితే ఏడూ అయ్యాయన్నాను.

మేమింకా తినకముందే తమ్ముడు కక్కడం మొదలుపెట్టాడు. మూడు రోజులు కక్కి, ఎలాగో దక్కాడు. మొదటి రోజే నాయన పిలిపిస్తే అవ్వ వచ్చింది. కుండలో మిగిలిన ముక్క ఒకటి కొరికి, ఉమ్మేసి, నావైపు చూసింది.

"ఇంగ మా వీధిలో అడుగు పెడితే కాళ్లిరగ్గొడతా!" అన్నాడు నాయన. ఆ తర్వాత మా ఊళ్లో ఎవరూ ఆమె ఆకుమందూ ముట్టలేదు, బుట్టా కొనలేదు. ఆయన అరుస్తుంటే నేను అమ్మ వెనక దాక్కున్నాను.

పెళ్లయ్యాక ఒకసారి ఆమె గుడిసె వెతుక్కుంటూ పోయాను.

"అవ్వా, ఆ పొద్దు మూడు నీళ్లే పోసినా."

"తెలుసులేమ్మా."

"మరి మా నాయనకు యాల చెప్పలేదు?"

ఈతాకు చీలుస్తూ, తల ఎత్తకుండానే అంది: "ఏడు కడవలు మోసే వయసా తల్లీ నీది?"

నాయనకు చెప్పి తీరాలనుకుంటూ పుట్టింటికి వచ్చాను. చెప్పలేదు. ఆయన పోయాడు, ఇప్పుడు అవ్వా పోయింది. నాలాంటి పిరికిది ఉండదు. నిన్న తమ్ముడికి చెప్పాను. వాడు అన్నం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు.

నా కళ్లముందు అవ్వ ఇంకా నడుస్తూనే ఉంది. నెత్తిన బుట్టలతో మా వీధి మొదట్లో ఆగుతుంది. మా ఇంటి వైపు ఒక్కసారి చూస్తుంది. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ముళ్లకంపల్లోంచి చుట్టు తిరిగి పక్క ఊరి దారి పడుతుంది.