తప్పితే మళ్లీ మొదటి నుంచి

మడికొండ ఐటీ పార్కులో కొత్తగా చేరిన పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే పని నా నెత్తిన పడింది. వాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండేది. నాలుగేళ్లు ఇంజనీరింగ్ వెలగబెట్టి వచ్చిన పదకొండు మందిలో ఒక్కరికీ పది లైన్లు సొంతంగా రాయడం రాదు. ఎక్కడిదో కాపీ చేసి అతికించడం, అది నడిస్తే చంకలు గుద్దుకోవడం.

నేను హన్మకొండలో ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకున్నాను. మా టీచరమ్మ సరళీ స్వరాలను మూడు కాలాల్లో పాడించేది. ముందు మెల్లగా, తర్వాత రెట్టింపు వేగం, ఆపైన దానికీ రెట్టింపు. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి 'స' నుంచే. అదే పద్ధతి ఆఫీసులో పెట్టాను. కాపీ చేయడం బంద్. ఒకే చిన్న ప్రోగ్రామ్, చూడకుండా, మూడు వేగాల్లో కొట్టాలి. ఒక్క కామా తప్పినా మొత్తం చెరిపి మొదటి లైను నుంచి మొదలుపెట్టాలి. సంగీతమంటే కాలర్ ట్యూన్ తప్ప తెలియని మా మేనేజర్ దాన్ని తన ఐడియాగా పైవాళ్లకు చెప్పుకున్నాడు.

ఆ పిల్లల్లో కొత్తవాడ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె. ఇంట్లో జంపఖానాలు నేస్తారు. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం ఆమెదే. మూడు నెలల తర్వాత పెట్టే పరీక్ష గట్టెక్కితేనే అది నిలుస్తుంది. ఒకరోజు జంకుతూనే అడిగింది.

"మేడం, మా బాపు పోగు తెగితే ఆడనే ముడేస్తడు. నేసిందంత ఊడదీయడు గద. మనం గూడ తప్పున్న కాడనే దిద్దుకుంటే కాదా?"

"ఇది మగ్గం కాదమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మిగతావాళ్లు నేనటు తిరగగానే తప్పు దిద్దేసి నంగనాచుల్లా కూర్చునేవాళ్లు. ఆమె మాత్రం ప్రతిసారీ చెరిపి మొదటికొచ్చేది.

పరీక్ష రోజు నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. చివరి ప్రోగ్రామ్ దాదాపు పూర్తయింది. ఒక బ్రాకెట్ తప్పు పడింది. పరీక్షలో చెరపాలన్న నియమమేమీ లేదు, అక్కడే దిద్దుకోవచ్చు. ఆమె మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి లైను కొట్టడం మొదలుపెట్టింది. సగం కూడా కాకముందే టైమైపోయింది.

"అంత ఎందుకు చెరిపినవమ్మా?" బయటికొచ్చాక అడిగాను.

"తప్పైంది గద మేడం," అంది, నేనేదో తెలియని దాన్నయినట్టు నా ముఖంలోకి చూస్తూ.

నంగనాచులంతా పాసయ్యారు. సాయంత్రం మేనేజర్ లిస్టు ముందు పెట్టుకున్నాడు.

"ఈ పిల్ల క్లాసుల మంచిగనే చేసేది గద మేడం. మీరు ఊ అంటే ఇంకోసారి రాయిద్దాం."

ఇంకోసారి ఎందుకో చెప్పాలి. చెబితే తప్పు నా పద్ధతిదని తేలుతుంది.

"మనం నేర్పే తరీఖ మంచిదే సార్. ఆ పిల్లకే స్పీడ్ లేదు," అన్నాను.

ఆయన పేరు కొట్టేశాడు. ఆ పదకొండు మందిని మూడు నెలలు చీదరించుకున్నాను. వాళ్లలో ఒక్కరు కూడా నా అంత సిగ్గులేనివాళ్లు కారు.