డయానా నొప్పికి పేరు దొరికింది

విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే బస్సులో డయానా కండక్టరుగా ఎక్కిందంటే ఇక లోపలంతా సందడే. టికెట్ కొడుతూనే ఒకావిడ మనవడి జ్వరం సంగతి కనుక్కునేది, ఇంకొకావిడ పూలబుట్టకి చోటు చూసిపెట్టేది. ఆడవాళ్లకి ప్రయాణం ఉచితమయ్యాక ఆ సందడి రెట్టింపైంది.

నెలలో రెండు మూడు రోజులు మాత్రం ఆ గొంతు వినిపించేది కాదు. కడుపులో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టే నొప్పి. కమ్మీ పట్టుకుని, చెమట తుడుచుకుంటూ పని కానిచ్చేది. డ్రైవరు సొలొమోను పెద్దాయన, ఆడవాళ్ల ఆరోగ్యం మాటలొస్తే దగ్గి ముఖం తిప్పుకునే రకం. అయినా ఆ రోజుల్లో ఏమీ అడక్కుండానే గుంతల దగ్గర బస్సుని మెల్లగా పోనిచ్చేవాడు.

పెళ్లయితే సర్దుకుంటుందని పుట్టింటివాళ్లన్నారు. పెళ్లయ్యాక, పిల్లలు పుడితే పోతుందని ఇరుగుపొరుగు అన్నారు. పిల్లలూ పుట్టలేదు, నొప్పీ పోలేదు. చూపించుకున్న చోటల్లా రక్తంలో ఒంటి మంటని చూపే సీఆర్‌పీ కాస్త ఎక్కువుందని, ఏదో ఇన్‌ఫెక్షనై ఉంటుందని మందులు రాసేవారు.

ఒకరోజు గుణదలలోని ఇంటికొచ్చి గడపమీద కూలబడిపోయింది. అత్తగారు అమలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకూ ఇట్టాగే ఉండేదమ్మాయ్. నాట్లేస్తా గట్టుమీద పడుకుండిపోయేదాన్ని. బద్ధకమన్నారు. ఆ మాట నిన్ను అననియ్యను," అంది.

మర్నాడు పొద్దున్నే కోడల్ని వెంటబెట్టుకుని డాక్టరు మాణిక్యం దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ ముందు అంతా విని, తర్వాత స్కాన్ చేసింది. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, అండాశయం చుట్టూ అంటుకుని పెరుగుతోందని, దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారని చెప్పింది. ఒంటిని కాపాడే కణాలు దాన్ని ఊడ్చెయ్యాలని వస్తాయట. ఊడ్చలేక అక్కడే గుమిగూడి, మంట పుట్టించే పదార్థాలు వదులుతుంటాయట. ఆ మంటవల్లే నొప్పి. ఆ మంటతోనే ఆ పొర ఇంకా పాతుకుపోతుంది.

"మరి రక్తపరీక్షలో తెలీలేదేమండీ?" అంది డయానా.

"ఆ సీఆర్‌పీ ఒంట్లో మంట ఉందని చెబుతుందంతేనమ్మా. ఎక్కడుందో, ఎందుకుందో చెప్పదు. ఈ జబ్బున్నా కొందరికి అది మామూలుగానే ఉంటుంది."

"బస్సులో వెనకాల గొడవైతే వినపడుద్ది, మొదలెట్టిందెవరో తెలీదు. అట్టాగన్నమాట."

డాక్టరుగారు నవ్వేశారు. పేరు తెలిసినందుకే డయానాకి సగం బరువు దిగింది. తన ఒళ్లు అబద్ధం చెప్పలేదు.

కొన్ని నెలలు వాడినా మాత్రలకి లొంగకపోవడంతో, చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ చేద్దామన్నారు. ఈ జబ్బుని రక్తంలోనే ముందుగా పట్టిచ్చే గుర్తుల కోసం పరిశోధన జరుగుతోందని, నమ్మదగినది ఇంకా దొరకలేదని, ఇష్టమైతే కొంచెం రక్తం ఇవ్వమని అడిగారు. డయానా వెంటనే చెయ్యి చాపింది. పక్కనుంచి అమలమ్మ కూడా చెయ్యి చాపితే, ఈ వయసు వాళ్లది అక్కర్లేదని ఒప్పించేసరికి నర్సుకి తాతలు దిగొచ్చారు.

ఆపరేషను బాగా జరిగింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ భర్త జోయెల్ వండిన ఉప్పుకషాయంలాంటి పప్పుచారుని అత్తాకోడళ్లు నవ్వుకుంటూ తిన్నారు. మళ్లీ నొప్పి తిరగబెట్టొచ్చని, మాత్రలు మానొద్దని డాక్టరు చెప్పిన మాట అమలమ్మ రోజూ గుర్తుచేసేది.

డ్యూటీలో చేరాక ఒక సాయంత్రం, జంక్షన్‌లో వేడి బజ్జీలు తింటుంటే డయానాకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది, తనకది నెలసరి రెండోరోజని. పొద్దుట్నుంచీ నొప్పి ఊసే లేదు. పట్టలేక ఆ మాట పైకే అనేసింది. సొలొమోను దగ్గాడు.

అప్పట్నుంచి ముందు సీట్లలో కూర్చున్న ఆడవాళ్లకి ఆ కథ చెప్పకుండా వదిలేది కాదు. సొలొమోను దగ్గుతూనే ఉండేవాడు. ఒకరోజు గన్నవరం దాటాక జనం పలచబడ్డారు.

"డయానమ్మా, ఆ డాక్టరమ్మ ఎక్కడ కూర్చుంటారు? మా అమ్మాయి నెలనెలా కాలేజీ మానేస్తంది," అన్నాడు రోడ్డుమీంచి చూపు తిప్పకుండా.

డయానా అక్కడే అత్తగారికి ఫోన్ చేసింది. అవతల్నుంచి జవాబు విని, నవ్వుతూ, "రేపే రమ్మంటంది బాబాయ్. తోడు తనే వస్తదంట," అని చెప్పింది.