వెండి చెంచా వెనక పేరు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు థర్మామీటర్ పెట్టి చూడమనే రకం నేను. ఎడపల్లి బడిలో సైన్సు చెబుతాను. తాయెత్తులు, నిమ్మకాయలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఇలాంటిది ఇంకెవరైనా రాస్తే మొదట నవ్వేదాన్ని నేనే.

మా తాత పోశయ్య బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ బంగ్లాలో వంటమనిషి. అక్కడుండే ఇంగ్లీషు ఇంజనీరు తన దేశానికి వెళ్లిపోతూ ఆరు వెండి చెంచాలు తాతకిచ్చాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఊళ్లో మాత్రం ఎత్తుకొచ్చాడన్నారు. మా బాపును బడిలో చెంచాల దొంగ కొడుకన్నారు. పెద్దయి అదే ఫ్యాక్టరీలో చేరితే గేటు దగ్గరా అదే మాట. ఫ్యాక్టరీ మూతపడింది గానీ ఆ మాట పోలేదు.

చెంచాల వెనక ఏదో చెక్కి ఉండేదని బాపు తల్లి, మా అవ్వ అనేది. ఆమెకు చదువు రాదు. ఏటా దసరాకు బూడిద, చింతపండు పెట్టి తళతళలాడేదాకా తోమేది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తన చేతులతోనే అరగదీసింది, పాపం.

పోయినేడు బాపు పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఆయనకు ఒకటే కోరిక.

"మా నాయిన దొంగ కాదని ఎర్కయితే సాలు బిడ్డా" అన్నాడు.

ఆరు చెంచాలూ నిజామాబాద్‌లో వెండిపని చేసే అవుసలాయన దగ్గరికి తీసుకుపోయాను. భూతద్దం పెట్టి చూశాడు. ఇంగ్లండు వెండికి వేసే సింహం ముద్ర సగం కనబడింది. అక్షరం ఒక్కటి లేదు. ఉన్నా ఎప్పుడో అరిగిపోయి ఉంటుందన్నాడు. వచ్చి చెబితే బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అందులో ఒక చెంచాతోనే ఆయనకు రాగిజావ తాగించేదాన్ని. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ పడుతోంది. నాలుగు గుక్కలు తాగి నిద్రపోయాడు. చెంచా తుడుస్తుంటే వేలికి గరుకు తగిలింది. తిప్పి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, నిన్ననే చెక్కినంత పదునుగా. పోశయ్యకు, మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలతో, అని ఉంది. గోటితో గీరి చూశాను. మూడుసార్లు చదివాను. ఏడుపొచ్చేసింది. ఫోన్ వంటింట్లో చార్జింగులో ఉంది, ఫొటో తీయాలని తోచనే లేదు.

బాపును లేపబోయి ఆగాను. రెండు రోజులుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు. లేచాక చెబుదాంలే అనుకున్నాను.

బాపు లేవలేదు.

ఆ ఏడుపుల్లో చెంచా సంగతి ఎవరికి గుర్తుంటుంది? పదో రోజు మైల పోవాలని ఇంట్లో గిన్నెలన్నీ బయటేసి తోమారు. గుర్తొచ్చి ఉరికేసరికి మా అక్క ఆరు చెంచాలూ తోమి ఎండకు పెట్టింది. ఆరూ నున్నగా ఉన్నాయి.

"దేనిమీద ఏం లేకుండె చెల్లె, నేను సూసిన" అంది.

మళ్లీ అవుసలాయన దగ్గరికి పోయాను. చెక్కిన అక్షరం ఒక్క తోముడుకు పోదన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసు. నిద్రలేక కళ్లు మోసం చేశాయనుకుందామంటే వేలికి తగిలిన గరుకును ఏమనుకోవాలి? ఏడాదయింది, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తాత మీద మచ్చ చెరపడానికి అల్లిన కథంటారు, అననీ. బతికినన్నాళ్లూ బాపు అడిగిన ఒక్క మాటకు జవాబు ఆ మధ్యాహ్నం నా చేతిలో ఉండింది. కాసేపు పడుకోనీలే అనుకున్నాను.