మామ గుల్మొహర్, నా కానుగ

తాండూరులో మా అత్తగారింటి ముందు ఒక కానుగచెట్టు ఉండేది. దాన్ని పెట్టింది నేను. ఈ మాట చెప్పుకునే సందర్భం దొరికితే నేనెప్పుడూ వదులుకోలేదు, ఇప్పుడూ వదులుకోను. గొప్పలు పోతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నాలుగేళ్లు నీళ్లు మోసిన నడుము నాది.

రజాకార్ల గొడవలు చల్లారిన ఐదారేళ్లకు నా పెళ్లయింది. మాది కుల్కచర్ల వైపు పల్లె. నాయనకు గొర్లమంద ఉండేది. అత్తగారివాళ్లూ ఒకప్పుడు మంద వెనక తిరిగినవాళ్లే గాని, మామ కాలానికి గొర్లను అమ్మేసి బండల వ్యాపారంలోకి దిగారు. ఆ ఇంట్లో నేల బండ, అరుగు బండ, గోడ బండ, ఆఖరికి గొడ్లు నీళ్లు తాగే తొట్టి కూడా బండలు నిలబెట్టి కట్టిందే. ఇంటి ముందున్న పెద్ద వాకిట్లోనే బండలు చెక్కే పని నడిచేది. ఎండాకాలం పగటిపూట ఆ వాకిట్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేకపోయేవాళ్లం. పచ్చని ఆకు ఒక్కటి కంటికి కనిపిస్తే ఒట్టు.

మగవాళ్లతోపాటు ఆరేడుగురు ఆడవాళ్లు కూడా పనికి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకామెకు నెలల పిల్ల. గోడకు ఆనించిన బండల నీడలో తడిగోనె పరిచి పిల్లను పడుకోబెట్టేది. నీడ జరిగినకొద్దీ పిల్లనూ జరపాలి. నా మొదటి ఎండాకాలంలోనే ఒకరోజు ఆమె పనిలో పడి మరిచిపోయింది. నేను చూసేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది, ఏడ్చే ఓపిక కూడా లేదు. ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తి, తడిబట్టతో తుడుస్తూ సాయంత్రందాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల బతికింది. మామ మాత్రం బెదిరిపోయాడు. మర్నాడే తేల్చి చెప్పేశాడు.

"నీడ లేని కాడ పిల్లతల్లులు పనికి రావద్దు. ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది."

ఆ తల్లి గోనె మడిచి చంకలో పెట్టుకుని, పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ కూలే ఆమెకు బువ్వ. పిల్లను రోజూ ఇంట్లో ఉంచుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు. పందిరి వేయిస్తే మొదటి గాలిదుమారానికే పక్కింటి పెరట్లో తేలింది. నాకు ఒళ్లు మండింది. కొత్త కోడలిని, తలుపు చాటునుంచే అన్నాను.

"నీడ లేకుంటే నీడ చేసుకోవాలె మామా. మనుషులను ఎల్లగొడ్తరా?"

మాట గుచ్చుకున్నట్టుంది. ఆ వానాకాలం మొదట్లో మామ వికారాబాద్ వెళ్లి, ఎవరో ఆఫీసరు బంగ్లా తోటమాలిని బతిమాలి, డబ్బాలో ఒక గుల్మొహర్ మొక్కను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"పెద్దోళ్ల బంగ్లాల ముంగట గిదే ఉంటది కోడలా. ఎర్రగ పూసిందంటే టేషన్ దాక కనవడ్తది" అన్నాడు.

నేను కానుగ పెడతానన్నాను. ఆయన నవ్వాడు.

"కానుగనా? గది తొవ్వ పొంటి పెట్టే చెట్టు. ఇంటి ముంగట ఎవ్వలు పెడ్తరు?"

"నీడ కావాల్నంటే పెడ్తరు."

పంతం అక్కడ పడింది. వాకిట్లోకి వచ్చే వీధి దర్వాజకు కుడివైపు ఆయన చెట్టు, ఎడమవైపు నాది. ఏ చెట్టు కింద ముందుగా నడి ఎండాకాలంలో పసిపిల్ల పడుకునేంత నీడ వస్తే అది గెలిచినట్టు. ఆ రోజే పిల్లతల్లులు మళ్లీ పనికి రావచ్చు. ఇది మామ పెట్టిన షరతు. ఆ తల్లి అప్పటికే కంది చేలల్లో కలుపుకు పోతోంది.

మామ మెత్తటి మన్ను చూసుకుని తవ్వాడు. మూరెడు లోతున బండ తగిలితే అక్కడితో ఆపి మొక్క నాటాడు. నేను మాత్రం మా దగ్గర పనిచేసే ముసలి రాళ్లమేస్త్రీని అడిగాను. ఆయన సుత్తె తీసుకుని, ఎడమవైపు మూలంతా కొట్టుకుంటూ నడిచాడు. బండ నిండుగా ఉన్నచోట సుత్తె ఖంగున మోగుతుంది. లోపల నెర్రె ఉంటే ధ్వని చచ్చిపోతుంది. అలా చచ్చిన చోట ఆగి, "నీ చెట్టు వేరుకు గీడ తొవ్వ ఉన్నది బిడ్డా" అన్నాడు. గునపంతో ఆ నెర్రెను పెద్దది చేయడానికి రెండు రోజులు పట్టింది. మా మామకు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆయన అడగలే" అన్నాడు.

కానుగ గింజలు నాయన తెచ్చాడు. గింజలతో ఊరుకోలేదు, మందనంతా తోలుకొచ్చాడు. మా వైపు చేనుకు బలం కావాలంటే గొర్లమందను రాత్రంతా అందులో ఆపుతారు, పెంటే ఎరువు. కొడంగల్ వైపు మేపుకు పోతూ, కూతురి చెట్టుకు కూడా బలం చేద్దామని మామ వాకిట్లో మందను ఆపాడు. చేనైతే పీల్చుకుంటుంది, బండ పీల్చుకుంటుందా? తెల్లారేసరికి షావుకారుకు పంపడానికి నున్నగా చేసి పరిచిన బండలన్నీ మరకలు. గుల్మొహర్‌కు ఆకు లేదు, పుల్ల మిగిలింది.

మామ అరవలేదు. "గిదేంది బావా, బండలకు ఎరువేస్తున్నవా?" అన్నాడు. పనివాళ్లంతా పకపకా నవ్వారు. నాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు బండలు కడిగాను. ఊడ్చిన ఎరువులో సగం నా గుంతలో వేసి, సగం మామ గుంతలో వేశాను. పంతం మాకు గాని చెట్టుకు కాదు కదా. నాయన అమాయకత్వాన్ని తలచుకుంటే అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడైతే కూతురి చెట్టు కోసం మందనంతా తోలుకొచ్చిన తండ్రి ఇంకెవరికున్నాడని అడగాలనిపిస్తుంది.

గుల్మొహర్ మళ్లీ చిగురించింది. దానికి చుట్టూ ముళ్లకంప కట్టాల్సిందే, లేకపోతే వీధిలో మేకలు ఊరుకోవు. నా కానుగను మేకలు వాసన చూసి మూతి తిప్పుకుని పోయేవి. దాని శత్రువులు మనుషులు. పొద్దున్నే పనికొచ్చే ప్రతివాడూ పళ్లు తోముకోవడానికి ఒక పుల్ల విరిచేవాడు. చెట్టే నా నడుము దాకా లేదు, దానికి ఇరవై మంది దంతాల బాధ్యత! చీపురు పట్టుకుని కాపలా కాశాను. "కోడలమ్మ ఉంటే బొగ్గుతోని తోముకోవాలె" అని వాళ్లలో వాళ్లు అనుకునేవాళ్లు.

రెండో ఏడు తిరిగేసరికి గుల్మొహర్ ఇంటి కప్పును దాటింది. మామకు సంబరం. "కోడలా, నీ చెట్టు నీడల చీమలు పండుకున్నయట, సూసినవా?" అని రోజూ ఏడిపించేవాడు.  రోజుకు రెండు కుండలు తెచ్చి పోయడం, వేరు చుట్టూ కంది పొట్టు కప్పడం, కిందికి వంగిన రెమ్మలు కోసి పైకి లేపడం, ఇదే నా జవాబు.

కాని గుల్మొహర్‌కు ఒక గుణముంది. శివరాత్రి దాటిందో లేదో ఆకు దులుపుకుంటుంది. ఎండలు ముదిరే రోజుల్లో మోడులా నిలబడి, పూలు పూసి, వానలు పడ్డాక తీరిగ్గా ఆకు తొడుగుతుంది. కానుగ కూడా రాలుస్తుంది గాని ఉగాదికల్లా కొత్తాకు తెచ్చుకుంటుంది. మామ ఏటేటా "ఆకులు వస్తయి ఆగు" అనేవాడు. పూసిన గుల్మొహర్ అందం నేను కాదనను. ఎన్నోసార్లు కుండ దించి చూస్తూ నిలబడిపోయాను. పసిపిల్లను మాత్రం దాని కింద పడుకోబెట్టలేం.

చెట్లు పెట్టాక నాలుగో ఎండాకాలం, ఉగాదికి నా కానుగ గొడుగు పట్టింది. మామ ఓడానని అనలేదు. ఒకరోజు పొద్దున తన మంచం తీసుకెళ్లి కానుగ కింద వేసుకుని, అక్కడినుంచే పని చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇల్లంతా వినేలా "సల్లగున్నది" అన్నాడు. ఆ పూట నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు ఆ తల్లి వచ్చింది. నేనే కబురు పంపాను. చేతిలో మరో పసిపిల్ల, ఆమెకు రెండోది. దర్వాజ దగ్గరే ఆగిపోయింది. మామ మంచం మీద ఉన్నాడు. ఆ వాకిట్లో పెద్దాయన కూర్చున్నచోటికి కూలిమనిషి వెళ్లి పిల్లను పడుకోబెట్టడం ఎన్నడూ లేదు.

"పటేలు కూసున్నడు గద అమ్మా, నేనెట్ల వస్త?" అని వెనక్కి తిరిగింది.

నాలుగేళ్లు పెంచిన నీడ కళ్లముందే చేజారుతోంది. మామ ఎదుట నేను వాకిట్లో నిలబడి మాట్లాడింది లేదు. ఆ రోజు నెత్తిన కొంగు వేసుకుని దర్వాజ దాకా నడిచాను. ఆమె చేతుల్లోంచి పిల్లను తీసుకుని, తిన్నగా వెళ్లి మామ పక్కన మంచం మీద పడుకోబెట్టాను.

"మామా, పిల్లను జర సూడుండ్రి. తల్లి పనికి పోతది."

సుత్తెలు ఆగాయి. మామ నన్ను చూశాడు, పిల్లను చూశాడు. లేచి, మంచాన్ని తనే నీడలోకి ఇంకాస్త జరిపాడు. "మంచం గీడ్నే ఉండనీ" అని ఆ తల్లితో అని, తువ్వాలు నెత్తిన వేసుకుని, దర్వాజకు అటుపక్కకు వెళ్లి ఆకు లేని తన గుల్మొహర్ కింద బండ మీద కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చినా లేవలేదు. చెంబుతో నీళ్లు తీసుకెళ్లి, లోపలికి రమ్మన్నాను.

"నా చెట్టు కింద నేను కూసున్న. నీకేంది?" అని నీళ్లు తాగి చెంబు చేతికిచ్చాడు.

ఇంట్లోకి రాగానే నాకు ఏడుపొచ్చింది. కానుగను చూసి ఎన్నోసార్లు గర్వపడ్డాను గాని, మా మామ కోడలినని అంతగా గర్వపడింది ఆ ఒక్కరోజే.