ఆడని ఆటలో పండితుణ్ణి

నేను కోసిన కోతలు తక్కువేం కావు. కానీ ఆ కంప్యూటర్ ఆట గురించి కోసినవి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తొంభైల చివరి రోజులు. షోలాపూర్‌లో మాది దాజీ పేట్, తెలుగు నేతగాళ్ల పేట. బాపు ఒక సేట్ కార్ఖానాలో పవర్‌లూమ్‌లు నడిపేవాడు. చద్దర్ల మీది డిజైన్లు గీయించడానికి సేట్ ఇంట్లో కంప్యూటర్ కొన్నాడు. దాని ముందు కూర్చునే మనిషి కోసం చూస్తుంటే బాపు ఊరుకుంటాడా? "మా పోరడున్నడు గద సేట్, కంప్యూటర్ క్లాసుకు పోతడు" అన్నాడట. పోయేవాణ్ణి, నిజమే. చెప్పులు బయట విడిచి, చల్లటి గదిలో కూర్చుని, సారు బోర్డు మీద గీసిన కంప్యూటర్ బొమ్మను దించుకునేవాణ్ణి. అసలు మిషన్ మీద కూర్చోవాలంటే పై కోర్సు ఫీజు కట్టాలి. ఈ సంగతి బాపుకు చెప్పలేదు. ఆయన మగ్గాల మధ్య అందరికీ నా గురించి చెప్పుకుంటుంటే ఎట్లా చెప్పను?

సేట్ కొడుకు నా ఈడువాడే. ఆ కంప్యూటర్‌లో కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే ఒక ఆట కొత్తగా మొదలుపెట్టాడు. దానితోపాటు స్నేహితుడెవరో ఒక సీడీ నిండా మోడ్స్ ఇచ్చాడు. మోడ్స్ అంటే అసలు ఆటలో లేనివాటిని తెచ్చి కలిపే చిన్న చిన్న ఫైళ్లు. ఏవి వేసుకోవాలో తెలియక, కార్ఖానాలో బాపుకు సాయం చేస్తున్న నా దగ్గరికొచ్చి అడిగాడు.

నన్నే అడగాలా! పాత కాగితాల దుకాణంలో దొరికిన పత్రికల్లో ఆ ఆట గురించి చిరిగిపోయేదాకా చదివి ఉన్నాను.

"ముందుగాల సంచి పెద్దగ జేసేది వెయ్యి" అన్నాను, పుట్టినప్పటి నుంచీ ఆడుతున్నవాడిలా. "లేకుంటే నాలుగు కత్తులు మోస్తే నీ మనిషి నడ్వలేడు. మ్యాప్‌ది వెయ్యి, కొత్తోళ్లు తొవ్వ తప్పుతరు. మొకాలు మార్చేది గూడ మంచిగుంటది. గుహలది మాత్రం ఇప్పుడే వద్దు, ఊకె చస్తవ్."

"అబ్బో, మస్తు తెల్సు రా నీకు!" అని వాడు పోయి తండ్రికి చెప్పాడు. ఆదివారం ఇంటికి రమ్మని సేట్ కబురు పెట్టాడు. కంప్యూటర్ మీద నా పనితనం చూసి, నచ్చితే ఆ కుర్చీ నాకేనన్నమాట.

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బయల్దేరేముందు నా జుట్టులో చిక్కిన దూదిపింజలు ఒక్కొక్కటే ఏరాడు. హోట్గి రోడ్డులోని ఆ ఇంట్లో సోఫా చూపించినా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"కూసో, నువ్వే పెట్టు" అన్నాడు సేట్ కొడుకు. మౌస్ పట్టుకున్నాను. తీగ నావైపు పెట్టుకుని! బాణం గుర్తు ఇటంటే అటు పోతోంది. "ఉల్టా పట్టినవ్ రా" అని నవ్వి, మౌస్ తనే తీసుకున్నాడు. అప్పుడైనా నోరు మూసుకోవద్దా? మోడ్స్ ఒక్కొక్కటే వేసి చూడాలని పత్రికలో రాసి ఉంది. సేట్ చూస్తున్నాడు కదా, పెద్దరికానికి పోయి "అన్నీ ఒక్కసారే వెయ్యి, ఏం కాదు" అన్నాను. గుహలది కూడా.

ఆట తెరుచుకుంది. ఆటలోని సంతలో ఒక్కడికీ ముఖం లేదు. అంతలోనే తెర బిగుసుకుపోయి, పెట్టెలోంచి కర్రుమని ఒకటే మోత. కార్ఖానాలో దారం తెగితే ముందు మగ్గం ఆపాలి, ఆలోచించడం తర్వాత. చిన్నప్పటి నుంచీ బాపు నేర్పిన పని అది. నా చెయ్యి నన్నడగలేదు. గోడ మీది స్విచ్ టక్కున ఆర్పేసింది.

"కాయ్ కేలస్ రే, ఏం జేసినవ్!" అంటూ సేట్ కొడుకు లేచాడు. "గట్ల డైరెక్ట్ బంద్ చేస్తరా ఎవరన్న? నా ఆటంత పాయె! నువ్వసల్ ఎన్నడన్న కంప్యూటర్ ముట్టినవా?"

ఏదో ఒక అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.

"లేదు" అన్నాను.

సేట్ పడీపడీ నవ్వాడు. "మగ్గం అనుకున్నడు పోరడు!"

ఆయన మనసులో ఏ చెడూ లేదు. నేను తలుపు వైపు చూశాను. బాపు నన్నే చూస్తున్నాడు. తర్వాత తనూ నవ్వాడు, సేట్ కంటే గట్టిగా. "అవు సేట్, మగ్గమే అనుకున్నడు." బాపు అట్లా నవ్వడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఇంటికి రాగానే అమ్మ "ఏమాయె?" అని ఎదురొచ్చింది. బాపు ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, "కంప్యూటరే ఖరాబుండె. మనోడు మస్తు చెప్పిండు గని" అన్నాడు. సాయంత్రం గల్లీలో అడిగినవాళ్లకూ అదే చెప్పాడు. లోపల కూర్చుని అంతా విన్నాను. బయటికి పోవడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు నా అంతట నేనే కార్ఖానాకు పోయాను. బాపు తన పక్క మగ్గాలు నాకు అప్పజెప్పాడు. కాసేపటికి దారం తెగింది. తెగీ తెగకముందే మగ్గం ఆపాను. అంత మోతలోనూ బాపు ఇటు తిరిగి గట్టిగా అరిచాడు:

"శాభాష్ బిడ్డా!"

హోట్గి రోడ్డులో, సేట్ ఎదుట అందామని బాపు దాచుకున్న మాట అది. దారం ముడి ఎప్పుడో పడింది. అయినా తల వంచుకుని, ఇంకా ముడివేస్తున్నట్టే నిలబడ్డాను.